బావి లేని నగరం: వాటబౌ సిటీ జనరేటర్‌పై ఒక గేమ్ మాస్టర్ సమీక్ష

మా రోల్ ప్లేయింగ్ ఆటలో గేమ్ మాస్టరుగా నేను కథ నడుపుతాను, మిగతావారు తలో పాత్ర ఆడతారు. ఆ కథలో నగరం ముట్టడిలో చిక్కుకున్న రాత్రి, బల్ల చుట్టూ కూర్చున్న ఐదుగురిలో అందరికంటే చిన్నవాడు చాలా మామూలు ప్రశ్న ఒకటి అడిగాడు. "అన్నా, శత్రువులు ఏటి వైపు దారి మూసేశారు కదా, మరి కోట లోపలి జనం ఏ నీళ్లు తాగుతున్నారు?" నా ముందు ఏ3 కాగితం మీద ముద్రించుకున్న పటం ఉంది. అందులో కోటగోడ, బురుజులు, ద్వారాలు, అంగడి, దేవాలయం, వందలాది ఇళ్ల కప్పులు, గోడ బయట పొలాలు అన్నీ ముచ్చటగా ఉన్నాయి. ఏరు తప్ప మరో నీటి ఆధారం మాత్రం అందులో లేదు. నేను కాస్త తడుముకుని "బావులుంటాయిలే" అన్నాను. "ఎక్కడ?" అంటూ వాడు పటాన్ని తన వైపు తిప్పుకున్నాడు. దొంగ పాత్ర ఆడుతున్న అమ్మాయి అప్పటికే ఆ బావుల్లో విషం కలిపే సంగతి ఆలోచిస్తోంది. ఆట పది నిమిషాల పాటు ఆగిపోయింది.

తప్పు పటానిది కాదు. పటం ఉంటే నగరం ఉన్నట్టేనని అనుకున్న నాది. రెండేళ్లుగా ఆదివారం సాయంత్రాలు ఆడిస్తున్న మా కథకు కావలసిన ఊళ్లన్నింటినీ నేను ఒకే పనిముట్టుతో తయారుచేసుకుంటున్నాను కనుక, అది ఏం చేయగలదో, ఏం చేయలేదో వివరంగా రాయడం ఇతర గేమ్ మాస్టర్లకు పనికొస్తుందని అనిపించింది. ఊహానగరాల పటాలను తనంతట తానే గీసే ఆ కంప్యూటర్ పనిముట్టు పేరు మెడీవల్ ఫాంటసీ సిటీ జనరేటర్. వాటబౌ అనే పేరుతో పనిచేసే ఓలెగ్ డోల్యా దీన్ని 2017లో విడుదల చేశారు. అంతకుముందు 2012లో ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం పిక్సెల్ డంజన్ అనే ఆట చేసినది కూడా ఈయనే. జనరేటర్ ఇచ్.ఐఓ (itch.io) అనే వెబ్‌సైటులో, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, డబ్బు చెల్లించనక్కరలేదు, ఇవ్వాలనిపించినవారు తోచినంత ఇవ్వవచ్చు. దీనితో చేసిన పటాలను అమ్మకానికి పెట్టే పుస్తకాల్లో సైతం వాడుకోవచ్చు. చేసినవారి పేరు వేస్తే సంతోషమేగాని వేయాలన్న నిబంధన లేదు. ఇంత ఉదారమైన షరతులు ఈ రంగంలో అరుదు.

వాడటం నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. చిన్న పట్టణం మొదలుకొని మహానగరం వరకు ఏ పరిమాణం కావాలో ఎంచుకుంటే ఒక్క క్షణంలో ఊరు తెర మీద పరుచుకుంటుంది. గోడ, కోట, అంగడి మైదానం, దేవాలయం, ఏరు, సముద్రతీరం, గోడ బయటి పేదల గుడిసెలు, పొలాలు ఉండాలో వద్దో మనమే నిర్ణయించవచ్చు. నచ్చిన ఊరి లంకెను దాచుకుంటే మళ్లీ అదే ఊరు తెరుచుకుంటుంది. బొమ్మగానూ, ఎంత పెద్దది చేసినా గీతలు చెదరని వెక్టర్ ఫైలుగానూ, ఇతర ప్రోగ్రాములు చదవగల జేసన్ రూపంలోనూ దించుకోవచ్చు. పేటలకు అది పెట్టే పేర్లు ఇంగ్లీషు ఊళ్ల ధోరణిలో ఉంటాయి కాబట్టి నేను వాటిని మూసివేసి, ముద్రించిన కాగితం మీద పెన్సిలుతో మన పేర్లు రాసుకుంటాను. ఆ పనిలోనే ఊరితో మొదటి పరిచయం జరుగుతుంది.

ఈ పటాలు చూడగానే నిజమైన ఊళ్లలా ఎందుకు అనిపిస్తాయన్నది తెలుసుకోదగ్గ విషయం. తొలినాళ్ల సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రాం రాతను, డోల్యా బయటపెట్టారు కనుక లోపలి లెక్క ఎవరైనా చదువుకోవచ్చు. మొదట మధ్య నుంచి సుడిలా బయటకు విస్తరించే చుక్కలు పెట్టి, ప్రతి చుక్కకూ దానికి దగ్గరగా ఉన్న నేలనంతా రాసిచ్చి, అలా ఏర్పడిన ముక్కలను పేటలుగా తీసుకుంటుంది. దీన్నే వొరొనోయ్ విభజన అంటారు. ఆ తొలి రూపంలో చిన్న పట్టణానికి సుమారు ఆరు నుంచి పది పేటలు, పెద్ద నగరానికి నలభై వరకూ ఉంటాయి. లోపలి పేటల చుట్టూ గోడ కట్టి, గోడకు ద్వారాలు పెట్టి, ప్రతి ద్వారం నుంచి నడిబొడ్డు అంగడికి దగ్గరి దారి వెతికి దాన్ని వీధిగా మారుస్తుంది.

ఆ తరువాత ఏ పేటలో ఎవరుండాలన్న పంపకం మొదలవుతుంది. నాకు అన్నింటికంటే నచ్చిన భాగం ఇదే. వర్తకులకు నడిబొడ్డుకు వీలైనంత దగ్గర చోటు దొరుకుతుంది. పేదల పేట దానికి వీలైనంత దూరం పోతుంది. గొప్పవారు తోట పక్కన ఉండాలని కోరుకుంటారు, పేదల పేట పక్కన ఉండకూడదని కోరుకుంటారు. సైనికుల పేట కోటకో గోడకో ఆనుకుని ఉంటుంది. ప్రధాన దేవాలయం అంగడి మైదానం వైపు చూస్తూ ఉండటానికి ప్రయత్నిస్తుంది. చివరకు ప్రతి పేటనూ ముక్కలుగా కోసుకుంటూ పోయి ఇళ్లు వేస్తుంది. పేదల పేటలో ముక్కలు చిన్నవి, గీతలు వంకర. గొప్పవారి పేటలో పెద్దవి. ఇళ్ల తీరును బట్టి ఎవరు ఎక్కడ ఉంటున్నారో మా ఆటగాళ్లు పటం చూసి ఊహించగలిగారు. నేను ఏమీ చెప్పకముందే దొంగ పాత్రధారిణి "ఈ సందుల్లో నాకు తెలిసినవాళ్లు ఉంటారు" అంది. కొన్ని గీతలు ఆటగాడి చేత ఆ మాట అనిపించగలిగాయంటే పనిముట్టు తన పని చేసినట్టే.

అయితే తనది చూడచక్కని పటం గీసే ప్రయత్నమే తప్ప నగరానికి సరైన నమూనా కాదని తయారీదారే తన పేజీలో ఒప్పుకున్నారు. ఆ హెచ్చరికను నేను చదివి కూడా పట్టించుకోలేదు. ఇక్కడి నుంచి రాసేదంతా ఆ హెచ్చరికకు వ్యాఖ్యానం లాంటిది.

జనరేటర్ నగరంలో దారులన్నీ అంగడికి చేరతాయి గాని అంగడి అక్కడే ఎందుకు వెలసిందో దానికి తెలియదు. ఊరు పుట్టడానికి ఒక కారణం ఉంటుంది, ఆ కారణం సాధారణంగా ఊరి కంటే పాతది. హైదరాబాదునే చూడండి. హుస్సేన్ సాగర్ కట్ట 1560ల తొలినాళ్లలో లేచింది. మూసీ మీద పురానాపూల్ 1578లో పూర్తయింది. చార్మినార్‌తో నగరానికి పునాది పడింది 1591లో. అంటే చెరువు ముందు, వంతెన తరువాత, నగరం ఆ తరువాత. గోల్కొండ కోటలో జనం కిక్కిరిసి నీటికి కటకట వచ్చిందన్న కారణం ఎలాగూ ఉంది. కాని కొత్త ఊరు ఏటికి ఆవలి ఒడ్డునే వెలసిందంటే, దాటడానికి వంతెన అప్పటికే ఉంది. జనరేటర్ ఈ క్రమాన్ని తిరగేస్తుంది. ముందు ఊరిని వేస్తుంది, దారి ఏటికి అడ్డం వచ్చిన చోట వంతెన వేస్తుంది.

మా కథానగరం ఏటిగండి విషయంలో నేను ఈ లోటును తరువాత పూడ్చుకున్నాను. కొండల నడుమ గండి కొట్టుకుని వచ్చే ఏరు అక్కడ రాళ్ల మీద నురగలు కక్కుతుంది కనుక, దిగువ నుంచి వచ్చే పడవలు అంతకు మించి పైకి పోలేవు. సరుకంతా దించి బండ్ల మీదికి ఎక్కించాలి. దించేవాడికి కూలి, దాచేవాడికి అద్దె, చూస్తూ నిలబడిన దొరకు సుంకం. ఆ మూడూ కలిసి ఊరయ్యాయి. ఈ ఒక్క వాక్యం రాసుకున్నాక పటంలో రేవు ఎక్కడ ఉండాలో, గిడ్డంగులు ఎక్కడ ఉండాలో, బండ్లు తోలేవారు ఎక్కడ కాపురం ఉంటారో, ఎద్దులకు మేత ఏ ద్వారం నుంచి వస్తుందో వరుసగా తేలిపోయింది. నా పటంలో కోట ఏటికి దూరంగా, వెనక వైపున పడింది. సుంకం మీద బతికే దొర రేవుకు అంత దూరంగా ఎందుకు కట్టుకున్నాడు? మొదట దాన్ని మార్చేద్దామనుకున్నాను. తరువాత, పాత కోట రేవు పక్కనే ఉండేదనీ, ఒక వరదలో కొట్టుకుపోయిందనీ, అప్పటి నుంచి రేవు మీద అసలు పెత్తనం వర్తకుల చేతికి పోయిందనీ నిర్ణయించాను. మా కథలో ఆరు నెలల గొడవకు ఆ తగాదాయే మూలం. యాదృచ్ఛికంగా పడిన గీతను చెరిపేయకుండా దానికి కారణం వెతకడమే ఈ జనరేటర్‌ను వాడే సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

నేల ఎత్తుపల్లాలు లేకపోవడం దీని పెద్ద లోటు. ఈ పటంలో ఊరంతా బల్లపరుపు. కొండలు లేవు కనుక కోట ఎత్తున ఉండదు, మురుగు ఎటు పారుతుందో తెలియదు, వర్షం పడితే ఎవరి ఇల్లు మునుగుతుందో చెప్పలేం. నిజమైన ఊళ్లలో పలుకుబడి ఉన్నవారు మెరక మీదికి చేరతారు. ఏటికి దిగువన, పల్లంలో చర్మాలు ఊనేవారు, అద్దకం పనివారు, చాకిరేవు ఉంటాయి, ఎందుకంటే ఆ పనులకు నీళ్లు కావాలి, వాటి మురికి మాత్రం పైవాళ్లకు అక్కరలేదు. నేను చేసే పని ఏమిటంటే, పటం మీద ఏటి ప్రవాహం దిక్కుకు ఒక బాణం, గాలి వీచే దిక్కుకు మరో బాణం గీస్తాను. ఆ రెండు గీతలతో సగం పేటల బతుకు తెలిసిపోతుంది.

పేటల పంపకం గురించి నేను మెచ్చుకున్నాను గాని దానికీ ఒక హద్దు ఉంది. ఆ లెక్కలో మనుషులను వేరుచేసేది డబ్బూ వృత్తీ మాత్రమే. మన ఊళ్లలో ఎవరు ఏ వాడలో ఉండాలన్నది కులం నిర్ణయించింది. డబ్బు సంపాదించినా కొన్ని వీధుల్లో ఇల్లు కొనలేని మనుషులు, కొన్ని బావుల్లో నీళ్లు చేదుకోలేని మనుషులు ఉన్నారు. ఇతర దేశాల్లో మతమో, భాషో, పరదేశీయుడన్న ముద్రో ఆ పని చేసింది. కల్పిత నగరంలో ఎవరిని ఎవరు ఎందుకు దూరం పెడతారన్నది గేమ్ మాస్టర్ ఆలోచించి పెట్టుకోవలసిందే. ఏ జనరేటరూ దాన్ని తనంతట తాను చేయకపోవడమే మంచిదని కూడా నాకు అనిపిస్తుంది.

గోడ సంగతి మరొకటి. జనరేటర్ గోడను ఇళ్లకు బిగించి కడుతుంది. పొలాలన్నీ గోడ బయటే. యూరపు పట్టణాల చిత్రాలకు అలవాటుపడిన కంటికి అది సహజంగా కనిపిస్తుంది. కాని 1443లో విజయనగరం చూసిన పర్షియన్ రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడ ఏడు ప్రాకారాలు ఉన్నాయనీ, బయటి మూడు ప్రాకారాల నడుమ సాగుభూములూ తోటలూ ఇళ్లూ ఉన్నాయనీ రాశాడు. అక్కడి కాలువలూ చెరువులూ ఆ పొలాలను తడిపేవి. ముట్టడిలో పడిన నగరం ఎన్నాళ్లు నిలుస్తుందన్నది గోడ మందంలోనే కాక ఆ మడుల్లోనూ ఉంది. ఓరుగల్లులోనూ రాతికోటకు వెలుపల మట్టికోట ఉంది, రెండింటి మధ్యా విశాలమైన జాగా ఉంది. ఇలాంటి నగరం కావాలంటే ఈ పనిముట్టు ఇవ్వలేదు. చిన్న ఊరిని గోడతో తీసుకుని, ముద్రించిన కాగితం అంచుల్లో రెండో ప్రాకారాన్ని మనమే చేత్తో గీసుకోవాలి. నేను అలాగే చేశాను. పటం కొంచెం వికారంగా తయారైంది గాని ఊరు బాగుపడింది.

తిండి లెక్క కూడా పటంలో కనిపించదు. మనిషికి రోజుకు అరకిలో ధాన్యం అనుకున్నా పదివేల మంది ఉన్న ఊరికి రోజుకు ఐదు టన్నులు కావాలి. ఒక ఎడ్లబండి అరటన్ను మోస్తుందనుకుంటే రోజూ పది బండ్ల ధాన్యం ద్వారం దాటి లోపలికి రావాలి. వంటచెరకు, గడ్డి, ఉప్పు, నూనె ఇంకా లెక్కలోకి రాలేదు. పటంలోని ఇళ్ల కప్పులను ఉజ్జాయింపుగా లెక్కపెట్టి ఐదుతో గుణిస్తే జనాభా వస్తుంది. జనాభా నుంచి బండ్లు వస్తాయి. బండ్ల నుంచి ద్వారం దగ్గర సుంకరి, అతని లంచం, తెల్లవారుజామున తలుపులు తెరిచేదాకా గోడ బయట పడుకునే బండివాళ్లు, వాళ్లకు గంజి పోసే పూటకూళ్లమ్మ వస్తారు. మా ఆటలో పూటకూళ్లమ్మ అందరికంటే ముఖ్యమైన పాత్ర అయిపోయింది. రాజుగారి పేరు మా వాళ్లకు ఇప్పటికీ గుర్తుండదు. ఈ విషయంలో జనరేటర్‌కు కొంత మెప్పు దక్కాలి. ద్వారాల బయట దారి పక్కన అది వేసే చిన్న ఇళ్ల గుంపు లేకపోతే ఆమె నాకు తట్టి ఉండేది కాదు.

ఇక కాలం. జనరేటర్ ఊరిని ఒక్క క్షణంలో కడుతుంది కనుక ఊరంతా ఒకే వయసులో ఉంటుంది. ఇటలీలోని లూకా పట్టణంలో ఒక మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, దాని చుట్టూ ఇళ్లు వంపు తిరిగి ఉంటాయి. అక్కడ ఒకప్పుడు రోమన్ల క్రీడారంగం ఉండేది. అది పోయాక దాని గోడల మీదే ఇళ్లు లేచాయి, ఆకారం మాత్రం మిగిలిపోయింది. అర్థంలేని వంపు ఒకటి ఉంటే దాని కింద పాత ఊరు ఉన్నట్టు లెక్క. జనరేటర్‌లో గీతలను లాగి వంచే సాధనం ఒకటి ఉంది. దానితో నేను ఏటిగండిలో ఒక వీధిని విల్లులా వంచి, అది కూలగొట్టిన పాత గోడ జాడ అని రాసుకున్నాను. ఆ వీధి పేరు కట్టవీధి. కట్ట ఎక్కడా లేదు, పేరు మాత్రం ఉంది. మన ఊళ్లలో పూడిపోయిన చెరువుల పేర్లతో ఎన్ని కాలనీలు లేవు!

వాటబౌ ఇతర పనిముట్ల గురించి రెండు మాటలు. గ్రామాలకు విడిగా ఒక జనరేటర్ ఉంది. చిన్న ఊళ్లకు సిటీ జనరేటర్ కంటే అదే మేలు. నేలమాళిగలకు వన్ పేజ్ డంజన్ సరిపోతుంది. నగరాన్ని మూడు కొలతల్లో చూపించే సదుపాయం ముచ్చటగా ఉంటుంది గాని ఆటలో నాకు ఒక్కసారి కూడా అవసరం పడలేదు.

ఎవరు వాడాలి అంటే, వారాంతంలో ఆట పెట్టుకుని శుక్రవారం రాత్రి దాకా ఊరు సిద్ధం చేయనివారు తప్పక వాడాలి. ఒకే నగరంలో ఏళ్ల తరబడి కథ నడపాలనుకునేవారు మాత్రం ముందు ఒక పేజీ రాసుకుని ఆ తరువాత తెర ముందు కూర్చోవాలి. ఊరు ఎందుకు పుట్టింది, నీళ్లెక్కడివి, ధాన్యం ఎక్కడిది, మురికి ఎక్కడికి పోతుంది, రాత్రి తలుపులు మూశాక ఎవరు బయట ఉండిపోతారు అన్నవి ఆ పేజీలో ఉండాలి. అప్పుడు పది పన్నెండు పటాలు తిప్పి చూస్తే, రాసుకున్నదానికి దగ్గరగా ఉన్నది ఒకటి దొరుకుతుంది, లేదా రాసుకున్నదాన్ని మార్చాలనిపించేంత మంచిది ఒకటి దొరుకుతుంది. పటాలు గీసే పనిముట్టుగా దీనికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. నగరం కట్టే పనిముట్టుగా మార్కులు వేయడం దాని తయారీదారు ఇవ్వని మాటకు ఆయనను నిలదీయడమే అవుతుంది.

ఇంతకీ ముట్టడి సంగతి. మరుసటి ఆదివారం నాటికి నేను దేవాలయం వెనక ఒక మెట్లబావి పెట్టాను. గోల్కొండలో నీటిని పైకి చేర్చిన మట్టి గొట్టాలను తలుచుకుని, గోడ బయటి చెరువు నుంచి ఆ బావికి నేల కింద గొట్టపు దారి ఒకటి వేశాను. ముట్టడివేళ కూడా నీళ్లు ఆగవు, అడిగినవాడికి జవాబు దొరుకుతుంది అనుకున్నాను. చిన్నవాడు పటం మీద చెరువు నుంచి బావి దాకా వేలితో గీత గీసి, ఆ గొట్టపు దారి వెడల్పు ఎంత, అందులో మనిషి పడతాడా అని అడిగాడు.